గాజు తలుపు వెనక రొట్టె

నా పొట్ట మీద కొట్టినవాడు ఐసుముక్క. నా భార్యకు సొంత తమ్ముడు. వాడికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే గౌరవించినట్టవుతుందని ఎప్పుడో మానేశాను. గడ్డకట్టిన సరుకు చల్లటి వ్యానులో వేసుకుని కొట్టుకొట్టుకూ తిప్పుతాడు కాబట్టి ఐసుముక్క. మనిషి కూడా అంతే. ఎంత తిట్టినా వేడెక్కడు, నవ్వుతాడు. తిట్టినవాడికి తనదే తప్పేమో అనిపించేదాకా నవ్వుతాడు.

నాది రొట్టెల బట్టీ. ఇటుకలతో కట్టిన పాత బట్టీ, దానికి ఇనప తలుపు. ఆరో తరగతిలో బడి మానేసి మా నాన్న పక్కన పిండి పిసకడానికి నిలబడ్డాను, ఇంకా నిలబడే ఉన్నాను. మూడు హోటళ్ళకు పొడుగు రొట్టెలు నేనే పంపేవాణ్ణి. పైన కరకరలాడుతూ లోపల గుల్లగా ఉండే రకం, ఫ్రెంచి రొట్టె అంటారు. ఆ హోటళ్ళు ఒకదాని వెనక ఒకటి మానేశాయి. ఎవరూ గొడవ పడలేదు. "రేపట్నుంచి వద్దులే మేస్త్రీ" అన్నారు, అంతే. ఎందుకా అని ఒక హోటల్ వెనక సందులోకి వెళ్ళి చూస్తే, వంటగది తలుపు దగ్గర ఐసుముక్క వ్యాను ఆగి ఉంది. వాడు గడ్డకట్టిన రొట్టెల పెట్టెలు దించుతున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు కూడా.

ముందే చెప్పి ఉంటే కొట్టుకునేవాళ్ళం, తర్వాత కూర్చుని కలిసి తినేవాళ్ళం. చెప్పకుండా చేశాడు. అదీ నా ఏడుపు.

హోటళ్ళు అయ్యాక వాడి కన్ను నా స్థలం మీద పడింది. సరుకు దాచుకునే చల్లటి గది కట్టడానికి రోడ్డు పక్కన చోటు కావాలట. నా బట్టీ రోడ్డు పక్కనే ఉంది. ఒక ఆదివారం మా ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు మళ్ళీ ఆ మాటే ఎత్తాడు.

"బావా, నీ మంచికే చెప్తున్నా. అమ్మేయ్. పొగలో ఎన్నాళ్ళు మగ్గుతావు?"

"నా పొగ నా ఇష్టం. నీ చలిలో నువ్వు మగ్గు."

"నా రొట్టె ఒక్కసారైనా తిని చూశావా? చూడకుండానే తిడతావు."

"పిండిని గడ్డకట్టిస్తే చచ్చిపోతుందిరా. చచ్చినదాన్ని పొయ్యిలో పెడితే లేచి కూర్చుంటుందా?"

"కూర్చుంటుంది బావా."

"నా ఇంట్లో, నా చేత్తో కాల్చి, అది రొట్టె అయిందంటే స్థలం నీకే అమ్మి రాసిస్తాను. కాకపోతే మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు. ఎత్తితే ఈ గడప తొక్కకూడదు."

మా ఆవిడ గిన్నె టేబుల్ మీద ఠపీమని పెట్టింది. "మీ ఇద్దరి పందేల్లో నా వంట చల్లారిపోతోంది. రొట్టెల సంగతి రొట్టెలు చూసుకుంటాయి, ముందు తినండి."

"అక్కా, నువ్వే తీర్పు చెప్పాలి," అన్నాడు ఐసుముక్క.

"ఇటు మొగుడు, అటు తమ్ముడు. నాకేం పనిలేదా? ఆ గడియారాలాయన్ని పిలుచుకోండి. ఆయన నోరు ఎప్పుడూ ఖాళీయే."

గడియారాలాయన అంటే బట్టీ పక్క కొట్లో గడియారాలు బాగుచేసే పెద్దమనిషి. రోజూ పొద్దున్నే నా దగ్గర వేడి రొట్టె ఒకటి కొనుక్కుని, కొట్టు తెరవకముందే తినేస్తాడు. మాటలో మొహమాటం లేదు, ఎవరి గడియారం పనికిరాదో వాళ్ళ మొహం మీదే చెప్పేస్తాడు. ఆయన తీర్పుకు ఇద్దరం ఒప్పుకున్నాం. వచ్చే ఆదివారం సాయంత్రం అనుకున్నాం.

నోరు జారి అన్న మాట కాదది. నిజం చెప్పాలంటే ఆ రొట్టె సంగతేమిటో చూడాలని నాకు చాలా కాలంగా ఉంది. మా ఆవిడ ఒక పెద్ద కిరాణా స్టోరులో బిల్లు కౌంటరు దగ్గర పనిచేస్తుంది. ఆమె డ్యూటీ దిగే వేళకు తీసుకురావడానికి వెళ్ళినప్పుడల్లా, ఎదురుచూస్తున్నవాడిలా నటిస్తూ, వాడి రొట్టెలు పెట్టే ఫ్రీజర్ల దగ్గరే నిలబడేవాణ్ణి. పొట్లం చేతిలోకి తీసుకుని తిప్పి చూసేవాణ్ణి. లోపలున్న రెండు రొట్టెలూ ఒకదానికొకటి తగిలి కట్టెల్లా చప్పుడు చేసేవి. పాలిపోయిన మొహంలా తెల్లగా ఉండేవి. నన్ను తికమక పెట్టింది వాటి మీద ఉన్న గాట్లు. రొట్టెను బట్టీలో పెట్టే ముందు బ్లేడుతో గీత గీస్తాం, వేడికి పొంగి ఆ గీత విచ్చుకుంటుంది. వీటి మీద గాట్లు అప్పటికే విచ్చుకుని ఉన్నాయి. కానీ రంగు లేదు. గాటు విచ్చుకున్న రొట్టె తెల్లగా ఉండటం నా జన్మలో చూడలేదు. చలికి పగిలి ఉంటాయిలే అనుకుని పొట్లం మళ్ళీ లోపల పెట్టేసేవాణ్ణి. ఇంటికి పోయాక కూడా అదే ఆలోచన.

"మీరు మా స్టోరుకు వచ్చేది నాకోసమా, దానికోసమా?" అని మా ఆవిడ ఒకసారి అడిగింది కూడా.

ఆ ఆదివారం బట్టీ పని ముగించుకుని, ఆ పొద్దున కాల్చిన నా పొడుగు రొట్టె ఒకటి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను. మా ఆవిడ డ్యూటీకి వెళ్ళిపోయింది. ముందురోజే పొట్లం తెచ్చి ఫ్రీజర్లో పడేసింది. పైన పెద్ద అక్షరాల్లో 'ఇంట్లో కాల్చుకోండి' అని ఉంది. కాల్చుకోమన్నారంటే పచ్చిదనే కదా. వెనకవైపు చీమల బారులా ఇంకేదో రాసి ఉంది. కళ్ళజోడు బట్టీలో మర్చిపోయాను. ఉన్నా చదివేవాణ్ణి కాదు. రొట్టె ఎలా కాల్చాలో నాకు కాగితం చెప్పాలా?

కొత్త మంటను ఒక్క రొట్టెతో తడిమి చూడటం మా వాళ్ళ పద్ధతి. అందుకని ఒకటే బయటికి తీసి, రెండోదాన్ని ఫ్రీజర్లోనే ఉంచాను. తీసినదాన్ని పళ్ళెంలో పెట్టి, గుడ్డ తడిపి, దానిమీద కప్పి, ఎండ పడే కిటికీ గట్టు మీద పెట్టాను. పిండి ఏదైనా కాలే ముందు పొంగాలి. పొంగాలంటే తడి, వెచ్చదనం, ఓపిక. ఈ మూడూ లేనివాడు ఈ పనిలోకి రాకూడదు.

కాసేపటికి గుడ్డ ఎత్తి చూశాను. మంచు కరిగింది, మెత్తబడింది. వేలితో నొక్కితే సొట్ట పడి మళ్ళీ పైకి వచ్చింది. మంచి గుర్తే. కానీ పెరగలేదు. గుడ్డ మళ్ళీ తడిపి కప్పాను. పళ్ళెం ఎండవైపు జరిపాను. ఎండతో పాటు పళ్ళెం జరుగుతూ కిటికీ ఈ చివరినుంచి ఆ చివరకు వచ్చింది గానీ రొట్టె మాత్రం గోరంతైనా లేవలేదు. చెప్పాను కదా, చచ్చిన పిండి. నాకు లోపల్లోపల సంతోషంగానే ఉంది. అయినా, ఎందుకు లేవలేదా అని మాత్రం ఒక మూల తొలుస్తూనే ఉంది.

ఇక లాభం లేదని మా ఆవిడ కొనుక్కున్న చిన్న కరెంటు ఓవెన్లో పెట్టాను. పచ్చి రొట్టెకు ఎంతసేపు ఇవ్వాలో అంతసేపూ ఇచ్చాను. అలవాటు ప్రకారం ఓవెన్ వైపు వీపు పెట్టి కూర్చుని వాసన కోసం చూశాను. ముందు పచ్చి పిండి వాసన రావాలి, తర్వాత పులుపు తగలాలి, చివర మాడుకు ముందు వచ్చే తీపి రావాలి. మొదటి రెండూ రాలేదు. మూడోది వస్తూనే మాడులోకి దిగింది. తీసి బయట పెడితే కర్ర.

అప్పుడే ముగ్గురూ కలిసి వచ్చారు. మా ఆవిడ, ఆమెను వ్యానులో ఎక్కించుకొచ్చిన తమ్ముడు, మెట్ల దగ్గర వాళ్ళను కలిసిన గడియారాలాయన. ఐసుముక్క చంకలో స్థలం కాగితాల సంచి ఉంది. అంత నమ్మకం మరి.

గడియారాలాయన రొట్టెను వేలి కణుపుతో తట్టాడు. టక్కుమంది.

"ఎవరైనా ఉన్నారా లోపల?" అన్నాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని. తర్వాత కత్తితో తంటాలు పడి ఒక ముక్క కోసి నమిలాడు. చాలాసేపు నమిలాడు. "తీర్పు చెప్పాలంటే ముందు ఇది గొంతు దిగాలి కదమ్మా," అని నీళ్ళు అడిగాడు. నీళ్ళు తాగి, "ఇది రొట్టె కాదు," అన్నాడు.

ఐసుముక్క కూడా ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. వాడి మొహం మీద నవ్వు లేకపోవడం చూడటం అదే మొదటిసారి. నమలడం మధ్యలో ఆపి, ముక్క చేతిలోకి తీసుకుని, సంచి సర్దుకున్నాడు.

"సరే బావా. నీ మాటే నెగ్గింది. ఇక స్థలం ఊసెత్తను." గుమ్మం దగ్గరకు పోయి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

అంతటితో అయిపోవాల్సింది. నా బట్టీ నాకు ఉంది, వాడి నోరు మూతపడింది. టేబుల్ మీద మిగిలిన ముక్క మీద నా కన్ను పడకుండా ఉంటే బాగుండేది.

గడియారాలాయన కోసిన చోట లోపలి భాగం కనిపిస్తోంది. ఎండిపోయింది నిజమే. కానీ గుల్ల ఉంది. పెద్ద కన్నాలు, చిన్న కన్నాలు కలిసి, వాటి గోడలు సన్నగా మెరుస్తూ. అలాంటి గుల్ల పిండి బాగా పొంగితేనే వస్తుంది. నాకే వారంలో రెండు రోజులు సరిగా రాదు. ఇది నా కళ్ళ ముందు పొద్దంతా పడుకుంది, గోరంతైనా పొంగలేదు. మరి ఆ గుల్ల ఎక్కణ్ణుంచి వచ్చింది?

"ఒరేయ్, ఆగు," అన్నాను.

వాడు ఆగాడు.

"ఇది ఎక్కడ పొంగిందిరా?"

"ఎక్కడేంటి బావా? ఫ్యాక్టరీలోనే. సగం కాల్చే పంపుతారు."

"సగం అంటే?"

"లోపల ఉడికాక, పైన రంగు రాకముందు తీసేస్తారంట. తీసి గడ్డకట్టిస్తారు. మిగతా సగం ఇంట్లో."

"రంగు రాకముందు తీస్తే కూలిపోదా?"

"ఏమో బావా, నాకు తెలిసింది వ్యాను తోలడం. నన్నడిగితే ఎట్లా?"

విచ్చుకున్న గాట్లు, తెల్లటి ఒళ్ళు. అదన్నమాట. పొంగడం, ఉడకడం అన్నీ ఎప్పుడో అయిపోయిన దానిమీద నేను తడిగుడ్డ కప్పి పొంగమని కూర్చున్నాను. మా ఆవిడ అప్పటికే వంటింట్లోంచి ఆ గుడ్డ పట్టుకుని వచ్చింది.

"ఇది దీనిమీద కప్పారా? ఎంతసేపు?"

కిటికీ గట్టు ఈ చివరా ఆ చివరా వేలితో చూపించాను.

"ఉడకబెట్టిన గుడ్డును కోడి కింద పెట్టినట్టుంది మీ పని!" అని గోడకు ఆనుకుని మరీ నవ్వింది. గడియారాలాయన నవ్వి దగ్గాడు. ఐసుముక్క మాత్రం నవ్వలేదు. కిందికి చూస్తూ చెప్పు సర్దుకుంటున్నాడు. వాడు నవ్వాల్సిన చోట నవ్వడు.

"రెండోది లోపలే ఉందిగా," అన్నాను.

"వద్దులే బావా. అయిపోయింది. నువ్వే గెలిచావు."

గడియారాలాయన నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "మేస్త్రీ, గెలిచినవాడు నోరు మూసుకుని కూర్చోవాలి. రెండోది లోపల పెట్టావంటే పందెం మళ్ళీ మొదలైనట్టే. నన్ను అడిగితే నేను ఉన్నదున్నట్టే చెప్తాను, తెలుసుగా."

"తెలుసు."

"బట్టీ పోతుంది."

"పోతే పోనీ. అది ఎలా కాలుతుందో నాకు చూడాలి."

ఎందుకన్నానో ఇప్పుడు అడిగితే అదే జవాబు. చూడాలి అనిపించింది. ఎవరో నాకు తెలియని మనిషి, నేను చేసే పనినే సగంలో ఆపి మళ్ళీ మొదలుపెట్టే మార్గం కనిపెట్టాడు. అది నా వంటింట్లో, ఫ్రీజర్లో ఉంది. దాన్ని చూడకుండా నిద్రపోవడం నావల్ల కాదు.

మా ఆవిడ పొట్లం వెనక రాసింది చదివింది. ఓవెన్ ముందే బాగా వేడెక్కాలట. ఫ్రీజర్లోంచి తీసింది తీసినట్టే పెట్టాలట. పెట్టేముందు పైన కాసిని నీళ్ళు చిలకరించాలట. నీళ్ళు చిలకరించడం వినగానే నాకు కొంచెం గౌరవం కలిగింది. ఆవిరి సంగతి తెలిసినవాడే రాశాడు.

ఈసారి వీపు పెట్టలేదు. పీట వేసుకుని ఓవెన్ గాజు తలుపుకు ఎదురుగా కూర్చున్నాను. లోపల చిన్న బల్బు వెలుగుతోంది.

ఒక సంగతి చెప్పాలి. నా బట్టీకి ఇనప తలుపు. అది మూస్తే మూసినట్టే. మధ్యలో తెరిస్తే వేడి పోతుంది, రొట్టె చెడుతుంది. తెల్లటిది లోపలికి పోవడం చూశాను, ఎర్రటిది బయటికి రావడం చూశాను. ముప్పై ఏళ్ళకు పైగా ఇదే పని. తెల్లటిది ఎర్రటిది ఎలా అవుతుందో ఒక్కసారి కూడా చూడలేదు. మా నాన్న కూడా చూడకుండానే పోయాడు.

ముందు పైనున్న మంచు పొడి కరిగి ఒళ్ళంతా తడిసి మెరిసింది. తర్వాత ఆ తడి ఆరిపోయి మళ్ళీ తెల్లబడింది, ఈసారి కాగితంలా. కాసేపు ఏమీ లేదు. రంగు ఎప్పుడూ అడుగునుంచి పాకుతుందని నేను అనుకునేవాణ్ణి. కాదు. గాటు పక్కన లేచి నిలబడిన సన్నటి అంచు ఉంది చూశారా, అది ముందు పసుపు తిరిగింది. అక్కణ్ణుంచి దిగింది రంగు, భుజాల మీదికి, పక్కలకి. అక్కడక్కడ చిన్న బుడగలు లేచి వాటి నెత్తిన మచ్చలు పడ్డాయి. నా రొట్టెల మీద ఆ మచ్చలు రోజూ చూస్తాను, నిప్పురవ్వలు తగిలాయనుకునేవాణ్ణి.

"తప్పుకోరా, నీ నీడ పడుతోంది," అన్నాను. ఐసుముక్క నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు.

"నేను కూడా ఎప్పుడూ చూడలేదు బావా."

"నువ్వు అమ్మేదే కదరా!"

"అమ్ముతాను. కాల్చే తీరిక ఎక్కడిది?"

నలుగురం ఆ గాజు తలుపు ముందు తలలు కలిపి ఉన్నాం. గడియారాలాయన జేబులోంచి తన భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు, ఆవిరికి అది మసకబారితే తుడుచుకున్నాడు. మా ఆవిడ, "సినిమాకు తీసుకెళ్ళమంటే ఒక్కరికీ కుదరదు," అంది గానీ తనూ కదల్లేదు.

తీసి బల్ల మీద పెట్టాం. బయటి గాలి తగలగానే మంచి రొట్టె చిటచిటలాడుతుంది. పైపెచ్చు చల్లబడి బీటలు వారే చప్పుడు అది. కొత్తగా పనికి వచ్చినవాళ్ళకు ముందు ఆ చప్పుడే వినమంటాం. అందరూ ఊరుకున్నారు. నేను వంగి చెవి పెట్టాను. చిటచిటలాడుతోంది.

నా రొట్టెను, దాన్ని పక్కపక్కన కోసి పెట్టింది మా ఆవిడ. గడియారాలాయన కళ్ళు మూసుకున్నాడు. మొదటి ముక్క రెండు నమలగానే చెప్పేశాడు.

"ఇది మేస్త్రీది. పొగ తగులుతోంది. దవడకు పని చెప్తోంది. కళ్ళు మూసుకున్నా, ముక్కు మూసుకున్నా ఇది తెలుస్తుంది నాకు."

రెండోది నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు తెరిచి, వెన్న దగ్గరికి లాక్కుని, అందులోంచే ఇంకో ముక్క తీసుకున్నాడు. అది కూడా తిన్నాడు. మూడోదానికి చెయ్యి చాపి, నా మొహం చూసి ఆపాడు.

"నీదే మంచిది, మేస్త్రీ. అందులో అనుమానం లేదు," అన్నాడు మెల్లగా. "కానీ మీరు పందెం కాసింది ఏది మంచిది అని కాదుగా. ఇది రొట్టా కాదా అని. ఇదీ రొట్టే."

నేనూ ఒక ముక్క తిన్నాను. లోపల మెత్తగా, పైన గలగలమంటూ విరిగింది. పులుపు తక్కువ. ఒక రాత్రి పులియబెట్టాల్సినదాన్ని తొందరపెట్టారు. అదొక్కటీ పట్టుకోగలిగాను. ఇంకేదైనా దొరుకుతుందేమో అని ఇంకో ముక్క తిన్నాను. దొరకలేదు.

ఐసుముక్క అప్పటికీ సంచి తెరవలేదు. "బావా, మొదటిదే లెక్క. నేను ఓడిపోయానని ఒప్పుకున్నాను, చెప్పులు కూడా వేసుకున్నాను. ఇది ఊరికే చూశాం."

వాడి దొంగతనం కన్నా వాడి మంచితనం నాకు ఎక్కువ మంట. నాకు వాడు దానం చేస్తాడా?

"కాగితాలు తియ్యి," అన్నాను.

"ఏమండీ, ఇంకోసారి ఆలోచించండి. వాడే వద్దంటున్నాడుగా," అంది మా ఆవిడ. అప్పుడామె నవ్వడం లేదు.

"నా ఇంట్లో, నా చేత్తో అన్నాను. నా ఇల్లే, నా చెయ్యే."

"మొదటిదీ మీ చెయ్యే కదా."

"మొదటిదాన్ని నేను చెడగొట్టాను. అది రొట్టె తప్పు కాదు."

గడియారాలాయన తన పెన్ను ఇచ్చాడు. ఐసుముక్క కాగితాలు పరిచి, ఎక్కడ సంతకం చెయ్యాలో వేలు పెట్టి చూపించాడు. నా మొహంలోకి మాత్రం చూడలేదు. చూడకపోనీ. హోటల్ వెనక సందులో నన్ను చూసి చెయ్యి ఊపినప్పుడు సూటిగానే చూశాడు.

వాడిచ్చిన ధర న్యాయమైనదే, ఆ మాటకొస్తే నాలుగు రాళ్ళు ఎక్కువే ఇచ్చాడు. నేను చెప్పేది డబ్బు గురించి కాదు. ఆ రెండో రొట్టె జోలికి పోకుండా ఉంటే ఆ స్థలం ఇవాళ్టికీ నాదిగా ఉండేది. కొలిచినాయన టేపు పట్టి కాగితం మీద వేసిన లెక్క ప్రకారం నూట పద్దెనిమిది గజాలు, బట్టీతో సహా.